కొలతకూ తూకానికీ మధ్య సాంద్రత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టుకుని చదివినప్పుడు, ధాన్యం గురించి అడిగినవారూ నూనె గురించి అడిగినవారూ రొయ్యల గుంటల గురించి అడిగినవారూ ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడుగుతున్నారని తోచింది. కొలిచి ఇచ్చిన సరుకు తూస్తే ఎంత అవుతుంది, తూచి ఇచ్చిన సరుకు కొలిస్తే ఎంత అవుతుంది, ఆ రెండింటికీ లంకె ఎక్కడ ఉంది అన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ద్రవ్యరాశి, ఘనపరిమాణం, సాంద్రతలకే కేటాయించాము.

ప్రశ్న: ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుందని మా పుస్తకంలో ఉంది. ఒక పలకను రెండు ముక్కలు చేస్తే ద్రవ్యరాశి సగమవుతుంది కదా, మరి సాంద్రత కూడా సగమవుతుందా? పెద్ద రాయికి సాంద్రత ఎక్కువ అని అనవచ్చా?
(తొమ్మిదో తరగతి విద్యార్థిని, మార్కాపురం)

జవాబు: అనకూడదు. పలకను విరిచినప్పుడు ద్రవ్యరాశి సగమైన మాట నిజమే గానీ, అది ఆక్రమించే చోటు కూడా అంతే తగ్గింది. మీ ఊరి పలకరాయి ముక్క ఒకటి 280 గ్రాములు తూగి, 100 ఘన సెంటీమీటర్ల చోటు తీసుకుంటుందనుకుందాం. అప్పుడు దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.8 గ్రాములు. అందులో సగం ముక్క 140 గ్రాములు తూగుతుంది, 50 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. భాగించి చూస్తే మళ్లీ 2.8 వస్తుంది. ద్రవ్యరాశి, ఘనపరిమాణం అనేవి మీ చేతిలో ఉన్న ముక్కకు చెందిన సంగతులు. సాంద్రత ఆ ముక్క దేనితో తయారైందో ఆ పదార్థానికి చెందిన సంగతి. ఒకే రాయి ముక్కలను చిన్నవీ పెద్దవీ పదింటిని తీసుకుని, ఘనపరిమాణాన్ని అడ్డంగానూ ద్రవ్యరాశిని నిలువుగానూ గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే, ఆ చుక్కలన్నీ సున్నా నుంచి బయలుదేరిన ఒకే సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ వాలే సాంద్రత.

అంచులు సరిగా లేని ముక్కకు ఘనపరిమాణం ఎలా కనుక్కోవాలని మీరు తప్పక అడుగుతారు. దానికి స్కేలు అక్కరలేదు. ముక్కను దారంతో కట్టి స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి ఒకసారి గాలిలో, మరోసారి పూర్తిగా నీటిలో ముంచి తూచండి. గాలిలో 280 గ్రాములు చూపిన ముక్క నీటిలో 180 గ్రాములు చూపితే, తగ్గిన 100 గ్రాములు అది పక్కకు నెట్టిన నీటి బరువు. ఒక గ్రాము నీరు దాదాపు ఒక ఘన సెంటీమీటరు చోటు తీసుకుంటుంది కాబట్టి ముక్క ఘనపరిమాణం 100 ఘన సెంటీమీటర్లు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సిరక్యూస్ నగరవాసి ఆర్కిమెడిస్ కనుగొన్న సూత్రం ఇదే. ముక్క గిన్నె అడుగును తాకకూడదు. పలకరాయి పొరల మధ్య గాలి బుడగలు పట్టుకుని ఉంటే ముందుగా వాటిని వదిలించాలి, లేకుంటే ఆ గాలి చోటు కూడా రాయి ఖాతాలో పడి సాంద్రత తక్కువగా వస్తుంది.

మీ జిల్లాలోనే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. చీమకుర్తి నల్లరాయిని వ్యాపారంలో గెలాక్సీ గ్రానైట్ అంటారు గానీ భూవిజ్ఞానులు దానిని గాబ్రో వర్గపు శిలగా లెక్కిస్తారు. మామూలు గ్రానైట్ ఘనమీటరుకు 2.65 నుంచి 2.7 టన్నులు తూగితే, ఇనుము, మెగ్నీషియం కలిసిన ఖనిజాలు ఎక్కువగా ఉన్న ఈ నల్లరాయి 3 టన్నులకు దగ్గరగా తూగుతుంది. 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఉన్న దిమ్మె 6.75 ఘనమీటర్లు అవుతుంది. లారీ మీదికి ఎక్కించక ముందే అది 20 టన్నుల రాయి అని టేపుతో కొలిచి చెప్పగలగడం సాంద్రత వల్లనే సాధ్యమవుతుంది.

ప్రశ్న: మా తాతగారి కాలంలో ధాన్యాన్ని తూముతో కొలిచి, 20 తూములైతే పుట్టి అనేవారు. ఇప్పుడు మా నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు. కొలత తూకంగా ఎలా మారింది, ఇందులో రైతుకు లాభమా నష్టమా? విత్తనాలను ఉప్పునీటిలో వేసి చూడమనడానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
(ఒక రైతు, కోవూరు)

జవాబు: రెండు ప్రశ్నలకూ సంబంధం ఉంది, అయితే రెండు చోట్లా మాట్లాడే సాంద్రత ఒకటి కాదు. ఆ తేడా తెలిస్తే మిగతాది తేలికవుతుంది.

తూములో పోసిన ధాన్యంలో గింజలు మాత్రమే లేవు. గింజకూ గింజకూ మధ్య సందుల్లో గాలి ఉంది, అది కూడా తక్కువేమీ కాదు, మొత్తం చోటులో సగానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి తూములోని ధాన్యం తూకాన్ని తూము ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది గింజ సాంద్రత కాదు, గాలి సందులతో సహా కుప్ప సాంద్రత. దీనినే స్థూల సాంద్రత అంటారు. వడ్లకు ఇది ఘనమీటరుకు సుమారు 550 నుంచి 600 కిలోలు. ఈ లెక్కన 850 కిలోల పుట్టి దాదాపు ఒకటిన్నర ఘనమీటర్ల చోటు పడుతుంది. అందులో ఇరవయ్యో వంతు 42.5 కిలోలు, అంటే ఇంచుమించు 75 లీటర్ల చోటు.

ఇప్పుడు కొలతలో ఉన్న చిక్కు చూడండి. ధాన్యాన్ని పైనుంచి వదులుగా జారవిడిస్తే సందులు ఎక్కువ మిగులుతాయి, తూమును కదిపి కుదిపి పోస్తే గింజలు సర్దుకుని మరికొన్ని కిలోలు పడతాయి. అంచుకు సమంగా కొట్టిన తూము ఒకటి, అంచు మీదికి కుప్పగా పోసిన తూము మరొకటి. గింజ పొడవు, ఊక, తాలు, గడ్డి ముక్కలు అన్నీ కుప్ప సాంద్రతను మారుస్తాయి. కొలిచే చేతిని బట్టి పుట్టి మారిపోయేది. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చి, క్రమంగా కాటా కల్లానికి చేరిన తరవాత ఆ చిక్కు పోయింది. ఈ మేరకు రైతుకు అది లాభమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయితే తూకానికి తనదైన చిక్కు ఉంది, అది తేమ. కాటా గింజలోని పిండినీ నీటినీ వేరు చేసి చూపదు. 22 శాతం తేమ ఉన్న 850 కిలోల ధాన్యంలో 187 కిలోలు నీరే. ఎండు పదార్థం 663 కిలోలు. ప్రభుత్వ కొనుగోలుకు గరిష్ఠ పరిమితి 17 శాతం తేమ. అదే ధాన్యాన్ని ఆ పరిమితి వరకు ఆరబెడితే తూకం 799 కిలోలకు దిగుతుంది. ఈ 51 కిలోలూ గాలికి పోయిన నీరే తప్ప ధాన్యం కాదు. తేమ పేరుతో వ్యాపారి తగ్గింపు అడిగినప్పుడు, ఎంత శాతం తేమకు ఎన్ని కిలోలు తగ్గాలో ఇలా కాగితం మీద కట్టి చూపమని అడగండి. ఎండు పదార్థం మారదన్న ఒక్క సంగతి మీద నిలబడే లెక్క ఇది, దీనిలో బేరానికి చోటు లేదు.

ఇక విత్తనాల సంగతి. ఉప్పునీటిలో వేసినప్పుడు పరీక్షకు నిలిచేది కుప్ప సాంద్రత కాదు, ఒక్కొక్క గింజ సాంద్రత. పాలుపోసుకుని నిండుగా గట్టిపడిన గింజ నీటికంటే బరువైనది కనుక మునుగుతుంది. తాలు గింజలో పొట్టు లోపల చాలావరకు ఖాళీ ఉంటుంది కనుక మామూలు నీటిలోనే తేలిపోతుంది. వాటి మధ్యలో సగం నిండిన గింజలు ఉంటాయి. అవి మామూలు నీటిలో మునిగి మంచి గింజలతో కలిసిపోతాయి. నీటిలో ఉప్పు కలిపితే ద్రావణం సాంద్రత 1 నుంచి పైకి పోతుంది. అప్పుడు ఈ అరకొర గింజలు కూడా పైకి తేలుతాయి, నిజంగా గట్టివి మాత్రమే అడుగున మిగులుతాయి. ఉప్పు ఎంత కలపాలో తెలియడానికి కోడిగుడ్డును వాడమని పెద్దలు చెప్పడంలో శాస్త్రం ఉంది. తాజా గుడ్డు సాంద్రత సుమారు 1.08, కాబట్టి అది తేలడం మొదలైతే ద్రావణం ఆ పాటికి చేరినట్టు. గుడ్డు తాజాదై ఉండాలి. నిల్వ గుడ్డులో గాలి గది పెరిగి గుడ్డు తేలికవుతుంది, తక్కువ ఉప్పుకే తేలి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మునిగిన విత్తనాలను వెంటనే మంచినీటితో రెండు మూడు సార్లు కడగడం మరవకండి, ఉప్పు అంటుకుని ఉంటే మొలక దెబ్బతింటుంది.

ప్రశ్న: నేను కొనే వంటనూనె ప్యాకెట్ మీద ఒక లీటరు అని ఉంది, పక్కనే 910 గ్రాములు అని ఉంది. లీటరు అంటే కిలో కాదా? ఇంతకుముందు కొన్న ఇంకో ప్యాకెట్ మీద ఇంకా తక్కువ గ్రాములు ఉన్నట్టు గుర్తు. ఇది మోసమా?
(ఒక గృహిణి, ఒంగోలు)

జవాబు: 910 గ్రాములు ఉండటం మోసం కాదు. లీటరు అనేది చోటుకు కొలత, కిలో అనేది ద్రవ్యరాశికి కొలత. ఒక లీటరు ఒక కిలోకు సమానం కావడం నీటికి మాత్రమే, అదీ ఉజ్జాయింపుగా, కుదురుతుంది. వేరుశనగ నూనె అయినా పొద్దుతిరుగుడు నూనె అయినా మన ఇళ్లలో ఉండే వేడిమికి లీటరుకు 910 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. లీటరు పాలు సుమారు 1030 గ్రాములు, లీటరు తేనె దాదాపు 1400 గ్రాములు. నెయ్యి కూడా నూనె వంటిదే కనుక, ఒక దుకాణంలో లీటరు ధర, మరో దుకాణంలో కిలో ధర చెప్పినప్పుడు రెండింటినీ నేరుగా పోల్చకండి. కిలో నెయ్యి అంటే దాదాపు 1100 మిల్లీలీటర్లు.

రెండో ప్యాకెట్ గురించి మీకు కలిగిన అనుమానం మాత్రం సరైనదే. ఏ ద్రవమైనా సాధారణంగా వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ద్రవ్యరాశి మారదు గానీ అదే నూనె ఎక్కువ చోటు తీసుకుంటుంది, అంటే సాంద్రత పడిపోతుంది. లీటరు అనే మాట పక్కన ఏ ఉష్ణోగ్రత వద్ద అని చేరిస్తే గ్రాములు మారిపోతాయి. కొందరు తయారీదారులు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు అని ముద్రించి, ఆ మేరకు తక్కువ నూనె నింపుతూ వచ్చారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో ఈ విషయం మీద ఇచ్చిన వివరణలో సోయా నూనెనే ఉదాహరణగా చూపింది: లీటరు నూనె 21 డిగ్రీల వద్ద 919.1 గ్రాములు, 60 డిగ్రీల వద్ద 892.6 గ్రాములు. ప్యాకెట్ మీద ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా, ఘనపరిమాణంతో పాటు తూకాన్ని కూడా సరిగా ముద్రించాలని, 2023 జనవరి 15లోగా లేబుళ్లను సరిచేసుకోవాలని ఆ శాఖ సూచించింది. మన వంటింట్లో నూనె సీసా 60 డిగ్రీల వేడిలో ఎప్పుడూ ఉండదు కదా, అటువంటి వేడిలో లెక్కగట్టిన లీటరును కొనుగోలుదారు చేతిలో పెట్టడం న్యాయం కాదన్నదే నా అభిప్రాయం కూడా.

మీరు చేయవలసింది సులభమే. రెండు ప్యాకెట్లను పోల్చేటప్పుడు లీటరును పక్కనపెట్టి, ధరను గ్రాములతో భాగించి చూడండి. గ్రాములకు వేసవీ శీతాకాలమూ లేవు.

ఇదే ధోరణిలో, పెట్రోలును తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందా అని నెల్లూరు నుంచి మరో పాఠకుడు అడిగారు. పెట్రోలు ఒక్కో డిగ్రీకి ఇంచుమించు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుందన్నది నిజం. కానీ బంకులో ఇంధనం భూగర్భపు ట్యాంకులో ఉంటుంది, అక్కడ ఉదయానికీ మధ్యాహ్నానికీ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. కాబట్టి చెప్పుకోదగ్గ లాభం రాదు. బంకులో రాసి ఉంచే సాంద్రత అంకె 15 డిగ్రీలకు మార్చి చెప్పినది. పెట్రోలుకు అది ఘనమీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి.

ప్రశ్న: పెద్ద వాన పడిన మర్నాడు మా రొయ్యల గుంటలో పైనీటిని పరీక్షిస్తే ఉప్పదనం బాగా పడిపోయినట్టు, అడుగునీటిని పరీక్షిస్తే ఏమీ మారనట్టు కనిపిస్తోంది. రొయ్యలు మాత్రం ఇబ్బంది పడుతున్నాయి. కారణం ఏమిటి?
(ఒక రొయ్యల రైతు, ఇందుకూరుపేట)

జవాబు: మీరు చూసిన రెండు రీడింగులూ సరైనవే. వాన నీరు ఘనమీటరుకు సుమారు 996 కిలోలు తూగుతుంది. లీటరుకు 15 గ్రాముల ఉప్పు ఉన్న గుంట నీరు అదే వేడిమి వద్ద దానికంటే దాదాపు 11 కిలోలు ఎక్కువ తూగుతుంది. చూడటానికి చిన్న తేడా అయినా, గాలి లేని రాత్రి పైనీరు కింది నీటిలో కలవకుండా పొరగా నిలిచిపోవడానికి అది చాలు. ఉష్ణోగ్రతతో పోల్చి చూస్తే దీని బలం అర్థమవుతుంది: నీరు 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వేడెక్కితే ఘనమీటరుకు తగ్గేది రెండున్నర కిలోలే.

ఇలా పొరలు ఏర్పడినప్పుడు గాలిలోని ఆక్సిజన్ పై పొర వరకే అందుతుంది. రొయ్యలు తిరిగేది అడుగున. అక్కడ మిగిలిన మేత, మట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తాయి. అందుకే వాన మొదలైనప్పటి నుంచే ఏరియేటర్లను ఆపకుండా తిప్పి రెండు పొరలనూ కలపాలి, గుంట నీటిని వదిలే తూములో పై పలకలు తీసి మీద చేరిన వాన నీటిని ముందుగా బయటకు పంపాలి. మన తీరానికి వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది కనుక, ఆ నెలల్లో జనరేటరు, డీజిలు సిద్ధంగా ఉంచుకోవడం మేత కొనుక్కోవడమంత ముఖ్యం. రీడింగు ఎప్పుడూ పైనుంచీ అడుగునుంచీ విడివిడిగా తీయండి.

ఈ సాంద్రత తేడానే జీవనాధారం చేసుకున్నవారు మీ పక్కనే ఉన్నారు. ఇస్కపల్లి, కనుపర్తి వంటి చోట్ల ఉప్పు మడుల్లో నీటి చిక్కదనాన్ని బామే డిగ్రీలతో, అంటే ద్రవాల సాంద్రతను చెప్పే ఒక కొలమానంతో, కొలుస్తారు. సముద్రపు నీరు 3 నుంచి 3.5 డిగ్రీలు. ఎండకు ఆవిరై మొదటి ఘనపరిమాణంలో దాదాపు పదో వంతుకు దిగినప్పుడు 25 డిగ్రీలకు చేరుతుంది, అంటే సాంద్రత 1.2, అక్కడ ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. 29, 30 డిగ్రీలు దాటనిస్తే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది కనుక ఆ నీటిని తీసేస్తారు.

ప్రశ్న: మా పాలకేంద్రంలో లాక్టోమీటరు 30 చూపితే పాలు మంచివని అంటారు. ఇది నమ్మదగిన పరీక్షేనా?
(ఒక పాఠకుడు, దర్శి)

జవాబు: ఒంటరిగా నమ్మదగినది కాదు. లాక్టోమీటరులో 30 అంటే సాంద్రత 1.030 అని అర్థం. మంచి పాలు సాధారణంగా 28 నుంచి 32 మధ్య చూపుతాయి. నీరు కలిపితే ఈ అంకె తగ్గుతుంది. కానీ పాలలో నీటికంటే తేలికైన వెన్న ఉంది, నీటికంటే బరువైన చక్కెర, మాంసకృత్తులు, లవణాలు ఉన్నాయి. వెన్న తీసేస్తే పాలు బరువెక్కి 34 వరకు పోవచ్చు. అటువంటి వెన్న తీసిన పాలు 880 మిల్లీలీటర్లకు 120 మిల్లీలీటర్ల నీరు కలిపితే రీడింగు మళ్లీ దాదాపు 30కి వస్తుంది. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పుకుంటాయి, పరికరం మాత్రం మంచి పాలనే చెబుతుంది. అందుకే వెన్న శాతాన్ని విడిగా పరీక్షించి, దానినీ లాక్టోమీటరు రీడింగునూ కలిపి వెన్నేతర ఘనపదార్థాల శాతాన్ని లెక్కగట్టే కేంద్రంలోనే పాడి రైతుకూ కొనేవారికీ న్యాయం జరుగుతుంది.

మరో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. అప్పుడే పితికిన పాలలో నురుగు, గాలి ఉండి రీడింగు తక్కువ వస్తుంది, కొంతసేపు ఆగి చూడాలి. అలాగే ప్రతి లాక్టోమీటరు మీద అది ఏ ఉష్ణోగ్రతకు తయారైందో రాసి ఉంటుంది. పాలు అంతకంటే వెచ్చగా ఉంటే మంచి పాలకు కూడా తక్కువ అంకె పడుతుంది. మీ కేంద్రంలో ఈ దిద్దుబాటు చేస్తున్నారా అని అడగడం మీ హక్కు.

ప్రశ్న: కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడలోని వేల టన్నుల బొగ్గును కాటా లేకుండా ఎలా లెక్కిస్తారు?
(ఒక పాఠకురాలు, ముత్తుకూరు)

జవాబు: ఓడనే కాటాగా వాడతారు. తేలుతున్న ఓడ తన మొత్తం బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. ముందు, మధ్య, వెనక భాగాల్లో ఓడ ఒంటి మీద గీసిన అంకెలను బట్టి అది ఎంత లోతు మునిగిందో చూసి, ఓడ పట్టికల నుంచి నెట్టిన నీటి ఘనపరిమాణం తెలుసుకుంటారు. దానిని నీటి సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది. బొగ్గు దించక ముందు ఒకసారి, దించిన తరవాత మరోసారి ఇలా చేసి, మధ్యలో వాడిన ఇంధనం, మంచినీరు, ఓడ నిలకడకు నింపుకున్న నీరు లెక్కలో సరిచేస్తే, తేడా బొగ్గుది.

ఇందులో అందరికంటే జాగ్రత్తగా చూడవలసింది రేవు నీటి సాంద్రత. బయటి సముద్రపు నీరు 1.025 ఉంటే, వాగు నీరు, వాన నీరు కలిసే రేవులో అది 1.020 ఉండవచ్చు. సరుకుతో కలిపి 70,000 టన్నుల బరువున్న ఓడకు ఈ చిన్న తేడాను పట్టించుకోకపోతే లెక్కలో సుమారు 340 టన్నుల పొరపాటు వస్తుంది. కాబట్టి సర్వేయరు పట్టికలోని అంకెను నమ్ముకోకుండా, అంకెలు చదివిన వేళకే ఓడ పక్కన వేర్వేరు లోతుల నుంచి బకెట్టుతో నీరు తోడించి, సాంద్రత చూపే హైడ్రోమీటరు ముంచి చూస్తారు. మంచినీరు మీద తేలి ఉప్పునీరు కింద ఉండే అవకాశం ఉన్నందువల్ల పైనీటి నమూనా ఒక్కటే తీస్తే సరిపోదు.